నొప్పి మాత్రలు, వణుకుడు జబ్బు: మీ అమ్మగారి విషయంలో నేను ముందు చూసేది వేరే మాత్ర

మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ అమ్మగారికి 69 ఏళ్ళు. మోకాళ్ళ నొప్పులకి నాలుగేళ్ళుగా రోజూ ఎసిక్లోఫెనాక్, పారాసెటమాల్ కలిసిన బిళ్ళ, దానితో పాటు పరగడుపున ఒక గ్యాస్ క్యాప్సూల్, బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర. మీ మేనమామగారికి పార్కిన్సన్స్, అంటే వణుకుడు జబ్బు, ఉంది. అమెరికాలో ఉన్న మీ బావగారు ఐబుప్రొఫెన్ అనే నొప్పి మాత్ర వాడేవాళ్ళకి పార్కిన్సన్స్ తక్కువగా వస్తుందట, అత్తయ్యకి అదే ఇప్పించండి అన్నారు. ఊళ్ళో తెలిసినాయన ఇన్నేళ్ళు నొప్పి మాత్రలు మింగితే నరాలు దెబ్బతిని వణుకుడు జబ్బు వస్తుంది, వెంటనే ఆపేయమన్నారు. ఎవరి మాట వినాలి అన్నది మీ ప్రశ్న. చివర్లో మాటవరసకి ఒక వాక్యం రాశారు, "ఈ మధ్య కుడి భుజం కూడా పట్టేసింది, నడక నెమ్మదించింది, వయసు కదా" అని. నేను 22 ఏళ్ళుగా నరాల జబ్బుల ఓపీ చూస్తున్నాను, నాకు మీ ప్రశ్న కన్నా ఆ వాక్యం దగ్గరే మనసు ఆగిపోయింది. దాని దగ్గరికి తప్పకుండా వస్తాను.

ముందు మీరు అడిగిన దానికి. నొప్పి మాత్రల వల్ల పార్కిన్సన్స్ వస్తుందని ఎక్కడా తేలలేదు, కాబట్టి ఆ భయం వదిలేయండి. ఐబుప్రొఫెన్ వేసుకుంటే పార్కిన్సన్స్ రాదు అన్నది కూడా తేలలేదు, కాబట్టి దాని కోసం ఒక్క బిళ్ళ కూడా వేయించొద్దు.

మీ బావగారు గాలివాటంగా అనలేదు, ఆ మాటకి మూలం ఉంది. పార్కిన్సన్స్ అంటే మెదడు అడుగుభాగంలో, కదలికలను నడిపించే డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు మెల్లమెల్లగా చనిపోవడం. 1988లో కెనడాలో ప్యాట్రిక్ మెక్‌గీర్ బృందం ఈ జబ్బుతో చనిపోయినవాళ్ళ మెదళ్ళు పరీక్షించి, సరిగ్గా ఆ చోటే వాపుకి సంబంధించిన కణాలు రేగి ఉన్నాయని చూపించింది. వాపు ఉంటే వాపు తగ్గించే మందు పనిచేయాలి కదా అని అప్పటి నుంచీ ఆశ. 2003లో హార్వర్డ్ వాళ్ళు వేలమంది నర్సులు, ఆరోగ్య రంగంలో పనిచేసే మగవాళ్ళ మందుల అలవాట్లు ఏళ్ళ తరబడి నమోదు చేసిన లెక్కలు తీసి చూస్తే, ఆస్పిరిన్ కాని నొప్పి మాత్రలు క్రమంగా వాడేవాళ్ళలో పార్కిన్సన్స్ 45 శాతం తక్కువ కనిపించింది. 2005లో ఇంకో పెద్ద సమూహంలో ఐబుప్రొఫెన్ ఒక్కదానికే ఆ తేడా, 35 శాతం. 2011లో 1,36,197 మందిని ఆరేళ్ళు గమనించిన అధ్యయనంలో ఐబుప్రొఫెన్ వాడేవాళ్ళకి 38 శాతం తక్కువ. ఆస్పిరిన్‌కి, పారాసెటమాల్‌కి, మిగతా నొప్పి మాత్రలకి ఏ తేడా లేదు. వార్తల్లో తిరిగేది ఈ 38 శాతమే.

ఇప్పుడు ఆ 38 శాతాన్ని విప్పి చూద్దాం. ఆ లక్షా ముప్పై ఆరు వేల మందిలో ఆరేళ్ళలో పార్కిన్సన్స్ వచ్చింది మొత్తం 291 మందికి, అంటే పదివేలకి సుమారు 21 మందికి. ఆ తేడా నిజంగా మాత్ర వల్లే వచ్చిందని ఒప్పుకున్నా, పదివేల మంది ఆరేళ్ళ పాటు ఐబుప్రొఫెన్ వాడితే 8 మందికి తప్పుతుంది. అదే పదివేల మంది పెద్దవాళ్ళలో ఆ మాత్ర వల్ల కడుపులో రక్తం కారేవాళ్ళు, కిడ్నీ దెబ్బతినేవాళ్ళు ఎనిమిది మందితో ఆగరు. మీ అమ్మగారి తమ్ముడికి జబ్బు ఉంది కాబట్టి ఆవిడకి రిస్కు మామూలు వాళ్ళకన్నా రెండు మూడు రెట్లు ఎక్కువనుకున్నా, ఈ లెక్క తలకిందులవదు.

పైగా ఆ తేడా మాత్ర వల్లే అని చెప్పడానికీ లేదు. మగ డాక్టర్ల మీద అమెరికాలోనే చేసిన ఇంకో అధ్యయనం 2011లోనే వచ్చింది, అందులో ఈ మందులకి పార్కిన్సన్స్‌ని తగ్గించే గుణం ఏమీ కనబడలేదు. ఎవరు ఏ మాత్ర ఎందుకు వేసుకుంటున్నారు అన్నది ఇలాంటి లెక్కల్లో పెద్ద చిక్కు. చురుగ్గా తిరిగేవాడు, ఆటలాడేవాడు, ఒళ్ళు నొప్పులకి ఐబుప్రొఫెన్ వేసుకుంటాడు. వ్యాయామం చేసేవాళ్ళలో పార్కిన్సన్స్ తక్కువని వేరే అధ్యయనాలున్నాయి. మరి కాపాడింది బిళ్ళా, వ్యాయామమా? అల్జీమర్స్ విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. నొప్పి మాత్రలు వాడేవాళ్ళకి మతిమరుపు జబ్బు తక్కువని లెక్కలు చెప్పాయి, సరే అని 70 దాటిన, కుటుంబంలో ఆ జబ్బున్న రెండున్నర వేల మందికి చీటీ వేసినట్టు పంచి, కొందరికి నాప్రాక్సెన్, కొందరికి సెలికాక్సిబ్, కొందరికి ఉత్త బిళ్ళ ఇచ్చి చూశారు. గుండె రిస్కు భయంతో 2004లో మందులు ఆపేశారు, జబ్బును ఆపిన జాడ మాత్రం దొరకలేదు. పార్కిన్సన్స్‌లో ఐబుప్రొఫెన్ ఒక్కటే ఎందుకు పనిచేసి ఉంటుంది అంటే, అది కణాల్లో ఉండే పీపార్-గామా అనే గ్రాహకాన్ని (మందు వెళ్ళి తగిలే చోటు) తట్టి లేపుతుంది కాబట్టి అని ఒక ఊహ ఉండేది. అదే గ్రాహకం మీద ఇంకా గట్టిగా పనిచేసే మందు పయోగ్లిటజోన్, మన దగ్గర షుగర్‌కి విరివిగా వాడేదే. దాన్ని పార్కిన్సన్స్ తొలిదశలో ఉన్నవాళ్ళకి ఇచ్చి చూస్తే జబ్బు నెమ్మదించలేదని 2015లో తేలిపోయింది.

మీ బావగారు చదివిన అమెరికా లెక్కల్లో లేని సంగతి ఇంకొకటి. మీ అమ్మగారు వాడే ఎసిక్లోఫెనాక్ అక్కడ అమ్మకంలోనే లేదు. కాబట్టి ఆ అధ్యయనాలు మంచికైనా చెడుకైనా ఆ మాత్ర గురించి ఏమీ చెప్పలేవు.

ఇక ఊళ్ళో ఆయన మాట. కారణం తప్పు చెప్పారు కానీ, ఆయన భయంలో ఒక మేలు ఉంది. నాలుగేళ్ళు రోజూ ఎసిక్లోఫెనాక్ అన్నది నాకు నిజంగానే ఆందోళన కలిగిస్తోంది, నరాల గురించి కాదు, కిడ్నీల గురించి. ఆవిడ బీపీ మాత్రలో ఉన్న రెండు మందుల్లో టెల్మిసార్టాన్ కిడ్నీలోని వడపోత ఒత్తిడిని తగ్గిస్తుంది, హైడ్రోక్లోరోథయజైడ్ ఒంట్లో నీటిని తీసేస్తుంది. అవి ఆవిడకి కావలసినవే, వాటిని ముట్టుకోవద్దు. కానీ వాటి మీద నొప్పి మాత్ర చేరితే కిడ్నీకి వెళ్ళే రక్తనాళం ముడుచుకుంటుంది. ఈ మూడూ కలిస్తే, ముఖ్యంగా మే నెల ఎండల్లో నీళ్ళు సరిగ్గా తాగని రోజుల్లో, రెండు విరేచనాలయినా చాలు, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఒక్కసారిగా పైకి పోతుంది. ప్రతి వేసవిలో ఇలాంటి పెద్దవాళ్ళు ముగ్గురు నలుగురు మా వార్డులో చేరతారు, ఇంట్లోవాళ్ళు "మామూలు నొప్పుల బిళ్ళే కదా డాక్టర్ గారూ" అంటారు. పశువులకి వేసిన డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు వల్ల, ఆ పశువుల కళేబరాలు తిన్న రాబందులు కిడ్నీలు పోయి దేశమంతటా చనిపోయాయని 2006లో పశువులకి దాన్ని నిషేధించారు, 2023లో ఎసిక్లోఫెనాక్‌ని కూడా. పక్షి కిడ్నీ వేరు, మనిషి కిడ్నీ వేరు, నిజమే. అయినా ఈ మందుల కుటుంబానికీ కిడ్నీకీ ఉన్న సంబంధం ఎలాంటిదో గుర్తుంచుకోవడానికి అది చాలు. ఇదే మాత్ర బీపీని పెంచుతుంది, కాళ్ళు వాపెక్కిస్తుంది, కడుపులో నొప్పి కూడా తెలియకుండా పుండు చేసి ఒకరోజు మలం తారులా నల్లగా వచ్చేలా చేస్తుంది. అమెరికా వృద్ధ వైద్య సంఘం పెద్దవాళ్ళకి తగని మందులంటూ ఇచ్చే బీర్స్ జాబితాలో కూడా, పెద్దవాళ్ళకి వేరే దారి ఉన్నంతవరకు ఇలాంటి మాత్రలు దీర్ఘకాలం వాడొద్దనే ఉంది, 75 దాటితే రిస్కు ఇంకా ఎక్కువ.

ఇప్పుడు నేను ఆగిపోయిన చోటుకి వస్తాను.

మీ అమ్మగారి గ్యాస్ క్యాప్సూల్ పేరు మీరు రాయలేదు. స్ట్రిప్ వెనక్కి తిప్పి, చిన్న అక్షరాల్లో ఏ మందులున్నాయో చదవండి. ఉత్త పాంటొప్రజోల్, రాబెప్రజోల్, ఒమెప్రజోల్ అయితే ఈ విషయంలో భయం లేదు. పక్కన లెవోసల్పిరైడ్ అని ఉంటే మాత్రం నాకు వెంటనే చెప్పండి. నొప్పి మాత్ర రాసినప్పుడు కడుపుకి అడ్డుగా గ్యాస్ బిళ్ళ రాయడం మంచి పద్ధతే, కానీ మన దగ్గర ఆ గ్యాస్ బిళ్ళలో కడుపుబ్బరం తగ్గడానికని లెవోసల్పిరైడ్ కలిపినవి చాలా అమ్ముడవుతాయి. అది డోపమిన్ పనిని అడ్డుకునే మందు. కడుపులో అడ్డుకుంటే అన్నం త్వరగా కిందికి దిగుతుంది, మెదడులో అడ్డుకుంటే అచ్చం పార్కిన్సన్స్‌లాగే ఉంటుంది. నడక నెమ్మదిస్తుంది, ముఖంలో కళ తగ్గుతుంది, చేతులు వణుకుతాయి, మంచం మీద పక్కకి తిరగడానికి కష్టమవుతుంది. పార్కిన్సన్స్ లాంటి లక్షణాలు రావడానికి అసలు జబ్బు తర్వాత అతి ముఖ్యమైన కారణం మందులే. అమెరికాలో ఈ మందు కూడా లేదు, అందుకే మీ బావగారికి దీని సంగతి తట్టే అవకాశం లేదు.

ఒక పెద్దావిడ సంగతి చెప్తాను. కొడుకు చక్రాల కుర్చీలో తోసుకొచ్చాడు, అప్పటికే వేరే చోట పార్కిన్సన్స్ అని మందులు మొదలుపెట్టి ఎనిమిది నెలలు, ఏమాత్రం గుణం లేదు. నేను మందుల సంచి మొత్తం బల్ల మీద పోయమంటాను, అది నా అలవాటు. అందులో మోకాళ్ళ మాత్ర, దానికి తోడు లెవోసల్పిరైడ్ ఉన్న గ్యాస్ క్యాప్సూల్, రెండేళ్ళుగా. ఎవరూ ఆపమని చెప్పలేదు కాబట్టి ఆపలేదు, మెడికల్ షాపులో పాత స్ట్రిప్ చూపిస్తే కొత్తది ఇస్తున్నారు. అది తీసేసి ఉత్త పాంటొప్రజోల్ పెట్టాం. మూడు నెలల తర్వాత ఆవిడ కర్ర పట్టుకుని తనంతట తను నడిచి వచ్చారు. అందరికీ ఇలా పూర్తిగా తగ్గదు. కొందరిలో లోపల అసలు జబ్బు అప్పటికే మొదలై ఉంటుంది, ఈ మందు దాన్ని ముందుగా బయటపెడుతుంది. అయినా మందు తీసేసి కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు ఆగి చూస్తే తప్ప ఆ సంగతి తేలదు. మరీ అనుమానంగా ఉంటే డోపమిన్ కణాల సంగతి చూపించే స్కాన్లున్నాయి. మందు వల్ల వచ్చినదైతే అవి మామూలుగా ఉంటాయి. ఖర్చు ఎక్కువ, మొదటిరోజే అవసరం లేదు.

గ్యాస్ బిళ్ళ ఒక్కటే కాదు. కళ్ళు తిరుగుతున్నాయని వేసే సినరిజిన్, ప్రోక్లోర్‌పెరజిన్, తలనొప్పికి నెలల తరబడి వాడే ఫ్లునరిజిన్, వాంతులకి వేసే మెటోక్లోప్రమైడ్ ఇవన్నీ ఇదే పని చేస్తాయి. రెండు మూడు రోజులు వాడితే ఎక్కువమందికి ఏమీ కాదు. తల తిరుగుడు ఎప్పుడో తగ్గిపోయినా ఆ బిళ్ళ మాత్రం రెండేళ్ళుగా నడుస్తూ ఉంటుంది చూడండి, అక్కడ వస్తుంది చిక్కు. డోంపెరిడోన్ మెదడులోకి పెద్దగా పోదు, కాబట్టి ఈ విషయంలో దానితో అంత ఇబ్బంది లేదు, గుండె లయ మీద మాత్రం ఒక కన్నేసి ఉంచాలి. ఎవరైనా "ఆయుర్వేదమే, ఏమీ కాదు" అని పేరులేని పొట్లాల్లో నొప్పుల మందు ఇస్తుంటే అదీ చూడండి. అలాంటి వాటిలో స్టెరాయిడ్లు, నొప్పి మందులు కలిపినవి ఎన్నోసార్లు బయటపడ్డాయి.

ఆ గ్యాస్ క్యాప్సూల్‌లో ఏమీ లేదనుకుందాం. అప్పుడు భుజం సంగతి. పార్కిన్సన్స్ అనగానే అందరూ వణుకే అనుకుంటారు, కానీ కొందరిలో మొదట వచ్చేది ఒకవైపు భుజం పట్టేయడం. ఆ చెయ్యి తక్కువ ఊగుతుంది, కండరం బిగుస్తుంది, భుజం నొప్పెడుతుంది. ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్తారు, ఫ్రోజెన్ షోల్డర్ అంటారు, నొప్పి మాత్ర రాస్తారు. ఏడాదో రెండేళ్ళో గడిచాక ఆ చెయ్యే వణకడం మొదలవుతుంది. ఇంట్లోవాళ్ళు వెనక్కి తిరిగి చూసి, నొప్పి మాత్రలు మొదలుపెట్టాక వణుకు వచ్చింది అంటారు. ఊళ్ళో ఆయన మాటకి నా ఉద్దేశంలో మూలం ఇక్కడే ఉంది. మాత్ర వల్ల జబ్బు రాలేదు, జబ్బు వల్లే మాత్ర వచ్చింది. వణుకు కనబడే నాటికి ఆ డోపమిన్ కణాల్లో సగం దాకా పోయి ఉంటాయి, అంటే జబ్బు చాలా ఏళ్ళ ముందే లోపల మొదలైంది.

అందుకే ఈసారి ఊరెళ్ళినప్పుడు మీ అమ్మగారిని రెండు పూటలు ఊరికే గమనించండి. నడుస్తుంటే కుడి చెయ్యి ఎడమ చెయ్యంత ఊగుతోందా? జాకెట్టు హుక్కులు పెట్టుకోవడానికి, పప్పు గుత్తి తిప్పడానికి, కొబ్బరి కోరడానికి ఆ చేత్తో ఎక్కువసేపు పడుతోందా? సంతకం చిన్నదయిందా? పోపు వాసన, అగరొత్తుల వాసన సరిగ్గా తెలుస్తోందా? ఏళ్ళ తరబడి మలబద్ధకం ఉందా? నిద్రలో కేకలు వేసి, చేతులు విసురుతున్నారని నాన్నగారు ఎప్పుడైనా అన్నారా? మోకాళ్ళ నొప్పితో నెమ్మదించినవాళ్ళు కుంటుతారు, అడుగు వేసేటప్పుడు ముఖం చిట్లిస్తారు, కుర్చీలో కూర్చున్నాక చేతులు మాత్రం చకచకా కదులుతాయి. పార్కిన్సన్స్‌తో నెమ్మదించినవాళ్ళకి కూర్చున్నా చేతులు నెమ్మదే. వీటిలో రెండు మూడు ఉన్నాయంటే న్యూరాలజిస్టుకి చూపించండి. ఒక్క భుజమే అయితే, షుగర్ ఉన్నవాళ్ళలో మామూలుగానే భుజం పట్టేస్తుంది కాబట్టి షుగర్ పరీక్ష కూడా చేయించండి, కంగారు పడొద్దు.

మరి మోకాళ్ళ నొప్పి సంగతేంటి అంటారు. ఆవిడని నొప్పితో వదిలేయమని నేను అనను, నొప్పితో కదలకుండా కూర్చోవడం అన్నిటికన్నా పెద్ద నష్టం. ముందు క్రియాటినిన్, పొటాషియం, హిమోగ్లోబిన్ చేయించండి. రోజూ వేసే ఎసిక్లోఫెనాక్ బదులు ఉత్త పారాసెటమాల్ 650, రోజుకి మూడు నాలుగు, మొత్తం మూడు గ్రాములు దాటకుండా. లివర్ జబ్బు ఉంటే ఇంకా తక్కువ. కలిపిన బిళ్ళల్లో కూడా పారాసెటమాల్ ఉంటుంది, రెండూ వేసి లెక్క తప్పొద్దు. మోకాలికి డైక్లోఫెనాక్ జెల్ రోజూ రాయండి. అది రక్తంలోకి కొంచెమే చేరుతుంది, మోకాలికి బాగా పనిచేస్తుంది. తొడ కండరాలు బలపడే వ్యాయామాలు ఫిజియోథెరపిస్టు దగ్గర ఒక నెల నేర్చుకుంటే తర్వాత ఇంట్లోనే చేసుకోవచ్చు. మరీ నొప్పి ఎక్కువైన నాలుగైదు రోజులు, కిడ్నీ పరీక్ష బాగుంటే, డాక్టర్ని అడిగి నొప్పి మాత్ర వేసుకోవచ్చు. గుండెకి ఆస్పిరిన్ 75 వేసుకునేవాళ్ళు ఇంట్లో ఎవరైనా ఉంటే, ఐబుప్రొఫెన్ ఆ ఆస్పిరిన్ పనిని అడ్డుకుంటుందన్న సంగతి వాళ్ళకి చెప్పండి. పార్కిన్సన్స్ గురించి మీకున్న భయానికి కూడా ఏ మాత్ర కన్నా నడక, సైకిల్ లాంటి వ్యాయామానికే ఎక్కువ ఆధారం ఉంది. నెదర్లాండ్స్‌లో రోగులు ఇంట్లోనే సైకిల్ తొక్కిన అధ్యయనం 2019లో వచ్చింది, తొక్కినవాళ్ళలో కదలికల ఇబ్బంది నెమ్మదిగా పెరిగింది.

మీ మేనమామగారికి ఒక కబురు ఈరోజే చెప్పండి. ఆయన మందుల్లో రసాజిలిన్ గానీ సెలిజిలిన్ గానీ ఉంటే, ట్రమడాల్ ఉన్న నొప్పి మాత్ర గానీ, ఆపరేషన్ సమయంలో పెథిడిన్ ఇంజెక్షన్ గానీ వాడకూడదు. జ్వరం, వణుకు, అయోమయంతో ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం ఉంది. పంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళినా మందుల చీటీ చూపించమనండి. ఇంకో మాట, ఆయనకి లెవోడోపా (పార్కిన్సన్స్‌కి ఇచ్చే ముఖ్యమైన మందు) మాత్ర వేసుకునే వేళ దగ్గరపడే కొద్దీ కాళ్ళు లాగడం, నొప్పులు ఎక్కువవుతుంటే అది నొప్పి మాత్రతో తగ్గే నొప్పి కాదు. మోతాదుల మధ్య వేళలు సర్దితే తగ్గుతుంది. రోజూ నొప్పి ఏ వేళకి వస్తోందో వారం రోజులు కాగితం మీద రాసుకుని డాక్టర్‌కి చూపిస్తే ఆయనకి సర్దడం తేలిక.

మీ అమ్మగారి మాత్రలేవీ ఈ సమాధానం చూసి ఈరోజే ఆపేయకండి, బీపీ మాత్ర అసలే వద్దు. గ్యాస్ క్యాప్సూల్ స్ట్రిప్ వెనక ఏం రాసి ఉందో, ఆఖరిసారి క్రియాటినిన్ ఎంత వచ్చిందో, షుగర్ ఉందో లేదో ఈ మూడూ కింద రాయండి. చూసి చెప్తాను.